దొరగారు ఊళ్లో లేని రాత్రి

నన్ను వెతుక్కుంటూ వచ్చేవాళ్లలో చాలామందికి కావలసింది ఒక్కటే. తమ వంశంలో ఎక్కడో ఒక దొర ఉన్నాడని చెప్పే వరస. కొండమీద రాతి మేడ, ద్వారం మీద వంశచిహ్నం, వీలైతే ఇంకా వెనక ఒక వెల్ష్ రాజు. ఆ ఆశతో నా పేజీలు గబగబా దాటేస్తారు. నెమ్మదిగా చదవండర్రా అని చెప్పాలనిపిస్తుంది. చెప్పే నోరేదీ?

నేను 1851 జనాభా లెక్కల పుస్తకాన్ని. వేల్స్‌లో మెరియొనెత్ కౌంటీ నాది, అందులోని ఒక పారిష్, అంటే ఒక చర్చి కిందికొచ్చే ప్రాంతం, లెక్కంతా నాలో ఉంది. ఆ ఏడాది మార్చి 30, ఆదివారం రాత్రి ఎవరు ఏ ఇంట్లో ఉన్నారన్నదే లెక్క. మర్నాడు లెక్కలాయన ఇల్లిల్లూ తిరిగి ఫారాలు పోగుచేశాడు. రాయడం రానివాళ్లకు తనే రాసిపెట్టాడు. తర్వాత అన్నీ నాలోకి ఎక్కించాడు. అక్కడి జనం మాటలు వెల్ష్, అతను నాలో రాసింది ఇంగ్లీషు.

నాకంటే ముందు పుట్టిన 1841 పుస్తకం పదిహేనేళ్లు దాటినవాళ్ల వయసును కిందికి తగ్గించి అయిదేళ్ల లెక్కన రాసుకుంది. 34 ఏళ్లవాడు అందులో 30 ఏళ్లవాడే. పుట్టిన చోటు గురించి ఈ కౌంటీయేనా అని అడిగి ఊరుకుంది. ఏ పారిష్‌లో పుట్టావు, ఇంటిపెద్దకు ఏమవుతావు, పెళ్లయిందా అని మొదట అడిగింది మేమే, 1851 వాళ్లం. వంశం వెతికేవాళ్లు 1921 నుంచి పదేసి ఏళ్లు వెనక్కి దిగుతూ నా దాకా వస్తారు. పుట్టిన పారిష్ పేరు నా దగ్గర పట్టుకుని, ఆ చర్చిలోని బాప్తిస్మ రిజిస్టరుకు పోతారు. ఈ ఒక్క విషయంలో నాకు కాస్త గర్వం ఉంటే తప్పేమిటి?

చిక్కంతా పేర్ల దగ్గరే. పూర్వం వెల్ష్ ధర్మం ప్రకారం భూమి కొడుకులందరికీ వాటాలు. వాటా అడగాలంటే తాతముత్తాతల పేర్లు నోటికి రావాలి. అందుకే ఫలానావాడి కొడుకు ఫలానావాడు అని, కొడుకు అనే అర్థమొచ్చే ‘అప్’ లేదా ‘అబ్’ పెట్టి వరసగా చెప్పుకునేవాళ్లు. 1536, 1543 చట్టాలతో వేల్స్ ఇంగ్లండు పాలనలో పూర్తిగా కలిసిపోయాక ఆస్తి పెద్దకొడుకుదైంది. దొరలు ఇంగ్లీషువాళ్లలా స్థిరమైన ఇంటిపేర్లు పెట్టుకోసాగారు. అప్ రీస్ ప్రైస్ అయ్యాడు, అప్ హవెల్ పవెల్ అయ్యాడు, అబ్ ఓవెన్ బోవెన్ అయ్యాడు. ఫ్లింట్ కౌంటీ దొర ఒకాయన కచేరీలో తన ‘అప్’లన్నీ ఏకరువు పెడుతుంటే రోలండ్ లీ అనే అధికారి విసిగిపోయి, ఆ గొడవంతా ఎందుకు, మీ మేడ పేరే పెట్టుకోమన్నాడట. ఆ వంశం అప్పటినుంచీ మాస్టిన్ వంశమైందని చెప్పుకుంటారు. ఆస్తి వెంట పేరు నడిచిన ఇళ్లూ ఉన్నాయి. 1719లో విన్‌స్టే ఎస్టేటు చేతికొచ్చాక వాట్కిన్ విలియమ్స్ కాస్తా వాట్కిన్ విలియమ్స్-విన్ అయ్యాడు. ఇలాంటి దొరల వంశావళులను లూయిస్ డూన్ 1586 నుంచి వేల్స్ అంతా తిరిగి రాసిపెట్టాడు. వాళ్లకేం, నేను లేకపోయినా గడుస్తుంది.

బీదవాళ్లకు నేనే దిక్కు. మా వైపు కొండల్లో నా కాలానికీ కొన్ని ఇళ్లలో పాత పద్ధతి పోలేదు. తండ్రి పేరు విలియం అయితే కొడుకు ఇంటిపేరు విలియమ్స్. ఆ కొడుకు పేరు జాన్ అయితే మనవడు జోన్స్. ఒకే కప్పు కింద తాతా మనవళ్లకు వేర్వేరు ఇంటిపేర్లు. ఎస్టేటు మొత్తం పెద్దవాడికి పోతే చిన్నకొడుకులు ఏమయ్యారనుకున్నారు? కౌలు రైతులయ్యారు, వాళ్ల పిల్లలు ఇంకా కిందికి దిగారు. దొర రక్తం వెతికేవాళ్లు చూడాల్సింది మేడ పేజీ కాదు, గొర్రెల కాపరుల పేజీ.

ఇక నా గోడు. లండన్‌లో గుమస్తాలు వయసులూ వృత్తులూ కూడుకుంటూ ఒక్కో అంకె మీదా పెన్సిల్‌తో టిక్కులు కొట్టారు. ఎవరి వయసు ఎంతో చదవలేక జనం ఇప్పటికీ కళ్లు చికిలిస్తున్నారు. అంతకంటే పెద్ద దెబ్బ, నాకు మూలమైన ఇంటి ఫారాలను తర్వాత నాశనం చేశారు. మా అమ్మలాంటివి అవి. ఇంటి యజమానులు స్వయంగా పట్టిన కలం, సొంత దస్తూరీ, సొంత తప్పులు అన్నీ పోయాయి, నకలుగా నేను మిగిలాను. 1911 పుస్తకం అదృష్టవంతురాలు, దానికి అసలు ఫారాలు ఉన్నాయి. 1931 లెక్కలైతే 1942 డిసెంబరులో హేస్‌లోని గిడ్డంగిలో మంటల్లో పోయాయి. 1941 లెక్కలు యుద్ధం వల్ల మొదలే కాలేదు. నేను బతికి లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్ చేరాను. నా ఫొటోలే తిరుగుతున్నాయి కాబట్టి నన్ను ముట్టుకునేవాళ్లు లేరు. ఫొటోలు చూసి సూచికలు రాసినవాళ్లు మా వెల్ష్ ఊళ్ల పేర్లను ఖూనీ చేశారు. ఊరి పేరు టైపు చేసి దొరకలేదని లేచిపోయేవాళ్ల పాపం నాది కాదు.

మా పారిష్‌లోనూ ఒక మేడ ఉంది. లాయిడ్ వంశానిది. వెతికేవాళ్లు నేరుగా ఆ పేజీకే వస్తారు. వచ్చి ఉసూరుమంటారు. ఆ ఆదివారం దొరగారు, దొరసానమ్మ ఎక్కడో వేరే పట్నంలో ఉన్నారు. ఎవరింట్లో అతిథులుగా నిద్రపోయారో, అక్కడి పుస్తకాన్ని అడగాలి. నా పేజీలో ఉన్నది ఇల్లు చూసుకునే ఆవిడ, వంటామె, ఇద్దరు పనిపిల్లలు. అందులో చిన్నదాని ఇంటిపేరు కూడా లాయిడే, పుట్టింది ఆ పారిష్‌లోనే. చుట్టరికమా, కాదా? ఇంటిపెద్దతో బంధుత్వం అన్న గడి ఉంది కదా అని చూస్తారు. అక్కడ లెక్కలాయన ‘పనిమనిషి’ అని రాశాడు.