ఖేడ్‌లో కొత్త యాప్ దిగింది

నారాయణఖేడ్‌కు కొత్త యాప్ తెచ్చేది ఎవరంటే, హైదరాబాద్‌లో కోచింగ్‌కు పోయి పండక్కి ఇల్లు చేరిన పిల్లగాడే. బస్సు దిగిన గంటకల్లా కాక ఫోన్ వాడి చేతిలో ఉంటుంది. ‘‘గిది మన దేశంది కాకా, ఇగ వాట్సాప్ ఎందుకు?’’ అంటాడు. కాంటాక్టులు, కెమెరా, మైకు, లొకేషన్ అన్నిటికీ టకటకా ‘అలో’ నొక్కేస్తాడు. కూతురికి సంబంధం చూసినప్పుడు మూడు తరాల ఆరా తీసిన కాక, ఊరందరి ఫోన్ నంబర్లూ అప్పజెప్పడానికి ఒక్క క్షణం ఆలోచించడు. అడిగేది ఒకటే ప్రశ్న.

‘‘మనోళ్లు ఎవలున్నరు దీంట్ల?’’

ఎవ్వరూ ఉండరు. ‘‘నువ్వు పిలిస్తే వస్తరు’’ అంటాడు పిల్లగాడు. పిల్లగాడు తెచ్చిన ఈ అరట్టై, జోహో వాళ్ల మెసేజింగ్ యాప్, 2021లోనే వచ్చినా, కేంద్రమంత్రులు స్వదేశీ మంత్రం జపించాక 2025 సెప్టెంబరు చివర్లో దానికి రెక్కలొచ్చాయి. రోజుకు 3 వేల మంది చేరేచోట మూడు రోజుల్లోనే రోజుకు 3.5 లక్షల మంది చేరడం మొదలైందని జోహో సహ వ్యవస్థాపకుడు శ్రీధర్ వెంబు ప్రకటించారు. చేరినవాళ్లు ‘వాట్సాప్ మానేశాను, అరట్టైకి రండి’ అని మిత్రులకు కబురు పెట్టారు. పెట్టింది వాట్సాప్‌లోనే!

ఇలాంటి గృహప్రవేశాలు తెలుగువాళ్లు చాలానే చూశారు. ఆర్కుట్‌లో స్నేహితుల్ని బతిమాలి మరీ తమను పొగుడుతూ టెస్టిమోనియల్స్ రాయించుకున్నారు. 2014 సెప్టెంబరు 30న దానికి తాళం పడింది. గూగుల్ ప్లస్‌లో చుట్టాలనూ స్నేహితులనూ ఓపిగ్గా వేరువేరు సర్కిళ్లలో సర్దారు. 2019 ఏప్రిల్‌లో అదీ పోయింది. మంత్రులూ ప్రభుత్వ శాఖలూ ఖాతాలు తెరిచి మోసిన ‘కూ’ పసుపు పిట్ట 2024 జులైలో ఎగిరిపోయింది. ఒక్క టిక్‌టాక్‌ను మాత్రం జనం తమంతట తాము వదల్లేదు. 2020 జూన్ 29న కేంద్రం నిషేధిస్తే, పది రోజులు తిరక్కుండానే ఇన్‌స్టాగ్రామ్ మన దేశంలో రీల్స్ తెరిచింది. స్టెప్పులేసేవాళ్లు స్టెప్పు తప్పకుండానే ఇల్లు మారారు.

ఇవన్నీ సరదా యాప్‌లు. విసుగొస్తే తీసి పారేయొచ్చు. పత్తి పెట్టిన రైతు ఫోన్‌లోకి 2025లో దిగిన ‘కపాస్ కిసాన్’ సంగతి వేరు. 2025-26లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. భారత పత్తి సంస్థ (సీసీఐ) మద్దతు ధరకు కొనాలంటే ముందు అందులో నమోదు కావాలి, ఆపైన ఏ మిల్లుకు ఏ రోజు వస్తారో స్లాట్ పట్టుకోవాలి. తేమ 12 శాతం దాటితే కొనరు, 8 దాటితే ధర కోస్తారు. ఆ సీజన్‌లో ఎకరాకు 7 క్వింటాళ్లే అన్న పరిమితి కూడా పెట్టారు. కౌలు రైతుకైతే పంట ఒకరిది, పట్టా పాస్‌బుక్కు ఇంకొకరిది.

అసలు తమాషా ఓటీపీ దగ్గర. ఆధార్‌కు ఎక్కించిన నంబరు పట్నంలో ఉన్న కొడుకుది.

‘‘నంబరొచ్చిందా బిడ్డా?’’

‘‘రాలే బాపూ... ఆఁ, వచ్చింది, రాస్కో.’’

కలం దొరికేలోపు ఓటీపీ గడువు తీరుతుంది. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకులు పొద్దస్తమానం మొత్తుకుంటాయి. ఇక్కడ మాత్రం నెట్ సెంటర్‌లో పదిమంది మధ్య గట్టిగా అరిచి చెప్తేగాని పత్తి కదలదు. ఎట్టకేలకు దొరికిన స్లాట్ రోజున ముసురు పట్టిందా, పత్తిలో తేమ పెరుగుతుంది. ఆ రోజు మిల్లుకు పోయినా లాభం లేదు, మళ్లీ స్లాట్ కోసం ఫోన్ పట్టుకోవాల్సిందే.

ఈలోపు దళారి వాకిట్లోకే ట్రాలీ ఆటో తెస్తాడు. స్లాట్ అడగడు, పాస్‌బుక్కు అడగడు. తేమ ఎంతో చేత్తో పట్టి తనే చెప్తాడు, మద్దతు ధరకు బాగా కింద ఒక రేటు కడతాడు, నోట్లు అక్కడికక్కడే లెక్కపెట్టి చేతిలో పెడతాడు.