గాలి అనుకున్న హక్కు

మా అనంతపురం మెట్టల్లో రైతు భూమిని ఒక్క దెబ్బతో అమ్ముకోడు. ముందు నోటు రాస్తాడు. చెనక్కాయ చేనులోనే మాడిపోతే ఆ నోటు తిరగరాస్తాడు. బోరు వేస్తాడు, అది ఎండిపోతే ఇంకోచోట వేస్తాడు, చివరికి పొలాన్ని భోగ్యానికి పెడతాడు. డబ్బిచ్చినవాడు పొలం దున్నుకుంటాడు. పంట అతనిదే, వడ్డీ లెక్క లేదు. అసలు కట్టిన రోజు పొలం వెనక్కి వస్తుంది. కోర్టు కాగితాల్లో దీన్ని స్వాధీన తనఖా అంటారు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ అదునుకు పడని చోట, ఆ అసలు కూడబెట్టడానికి ఎన్నేళ్లు పడుతుందో ఎవరూ చెప్పలేరు. అన్నేళ్లూ రైతు చేతిలో ఉండేది విడిపించుకునే హక్కు ఒక్కటే. అది ఉత్త గాలి అనుకున్నాను నేను.

నాది ఎరువులు, పురుగుమందుల అంగడి. నేను చెప్పబోయే రైతు మా ఊరివాడే, నాకంటే చిన్నవాడు. అంగడి బాకీ, బోరు కోసం చేబదులుగా ఇచ్చినదీ కలిపి ప్రోనోటు రాయించుకున్నాను. అతని పొలం భోగ్యంలో ఉందని నాకు తెలుసు. మనిషి మీద నమ్మకంతో ఇచ్చాను. నాలాగే ఇచ్చినవాళ్లు ఊళ్లో ఇంకా ఉన్నారు.

ఒక సాయంత్రం అంగడికి వచ్చాడు. "అన్నా, భోగ్యం దుడ్లు నువ్వు కట్టేయ్. పొలం నీ పేరున రాసిస్తా. నీ నోటు చెల్లు పెట్టుకో. పైన ఏమన్నా మిగిలితే నాకియ్యి, మిగతావాళ్లకు సర్దుతా" అన్నాడు.

"ఇంకొకరు దున్నే పొలం నాకెందుకప్పా? అప్పు మీద అప్పు కట్టమంటావా? నాకు రొక్కం కావల్ల" అన్నాను. అతను ఇంకేమీ అనకుండా వెళ్లిపోయాడు.

ఆ రోజు కూర్చుని లెక్క వేసివుంటే సరిపోయేది. పొలం వెల 6 లక్షలు, దాని మీద భోగ్యం 5 లక్షలు అనుకుందాం. అప్పుడు విడిపించుకునే హక్కు విలువ లక్ష. అదే పొలం 15 లక్షలకు పెరిగితే భోగ్యం మాత్రం 5 లక్షలే, హక్కు విలువ 10 లక్షలు. పెరిగినదంతా ఆ హక్కులోకే చేరుతుంది, భోగ్యం ఇచ్చినవాడికి రూపాయి ఎక్కువ రాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 60వ సెక్షను ఈ హక్కును గట్టిగా కాపాడుతుంది. తనఖా పత్రంలో 'ఇక విడిపించుకోను' అని రైతు చేత రాయించుకున్నా ఆ రాత చెల్లదు. ఈ హక్కును అమ్మవచ్చు, దాని మీద ఇంకో అప్పు తీసుకోవచ్చు, అప్పులవాళ్లు జప్తు చేయించవచ్చు. అంగడి లెక్కలు అణాపైసలతో సరిచూసుకునే నాకు ఇది తోచలేదు. కరువు చూసి చూసి, భూమి వెల ఎప్పటికైనా పెరుగుతుందనే ఆలోచనే నాలో చచ్చిపోయింది.

హంద్రీ-నీవా పథకం నీళ్లు జీడిపల్లి రిజర్వాయరులోకి చేరాక ఆ ఆలోచన మళ్లీ అందరికీ వచ్చింది. మాల్యాల దగ్గర ఎత్తిన కృష్ణా నీళ్లు మెట్టకు ఎక్కడం మేం కళ్లారా చూశాం. మా వైపు కూడా పొలాల బేరాలు మొదలయ్యాయి. అప్పుడే అతను తన హక్కును ఇంకో అప్పులాయనకు రిజిస్టరు చేసిచ్చాడు. నాకు చెప్పిన షరతులే ఆయనకూ చెప్పాడు. ఆయన ఒప్పుకుని, పాత నోట్లు చెల్లు పెట్టి, భోగ్యం కట్టేసి పొలం దున్నించాడు.

ఊరంతా భగ్గుమంది. నేను రచ్చకట్ట మీద నిలబడి అతన్ని మోసగాడన్నాను. అప్పులవాళ్లను ఎగ్గొట్టడానికే రాసిచ్చాడన్నాను.

తర్వాత మిగిలినవాళ్లం కూడుకున్నాం. కలిసి పనిచేయాల్సిన ఆ రోజుల్లో, ఎవరి నోటు పాతదని కొట్లాడుకున్నాం. అందరికంటే గట్టిగా అరిచింది నేనే. తాకట్టు లేని అప్పుల్లో పాత నోటుకు కొత్త నోటు కంటే ముందు వరస ఏమీ లేదు. ఐపీ (ఇన్‌సాల్వెన్సీ పిటిషన్) పెట్టడమంటే అప్పున్నవాడు చేతులెత్తేయడమనే మా వైపు అందరికీ తెలుసు. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం ప్రకారం అప్పిచ్చినవాళ్లు కూడా ఆ పిటిషన్ వేయవచ్చని నాకు అప్పట్లో తెలియదు. బాకీలు కలిపి 500 రూపాయలుంటే చాలు. ఒక్క అప్పులాయనకే మేలు చేసే ఉద్దేశంతో రాసిచ్చినట్టు తేలితే ఆ బదిలీ రద్దయి, ఆస్తి అందరికీ దామాషాలో పంచే దారి ఉంది. అయితే రాసిచ్చిన మూడు నెలల్లోపే పిటిషన్ పడాలి. ఆ మూడు నెలలూ మేం నోట్ల తేదీలు చూసుకుంటూ గడిపాం.

చివరికి నేనొక్కణ్నే కోర్టుకు వెళ్లాను. నోటు మీద డిక్రీ తేలిగ్గానే వచ్చింది. పొలం జప్తు చేయిస్తే, కొన్నాయన ఇది నాదంటూ క్లెయిమ్ పిటిషన్ వేశాడు. అప్పులవాళ్లను దెబ్బతీయడానికే ఈ బదిలీ జరిగిందని, ఆస్తి బదిలీ చట్టం 53వ సెక్షను కింద చెల్లదని మా వకీలు వాదించాడు. విడిగా దావా వేయకపోయినా ఆ మాట ఎదురువాదనగా చెప్పుకోవచ్చని అబ్దుల్ షుకూర్ సాహెబ్, అర్జి పాపారావుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి ఆ దారి తెరిచే ఉంది. సాక్ష్యమే లేదు. కొన్నాయన నోట్లు నిజమైనవి, భోగ్యం డబ్బు బ్యాంకు ద్వారా కట్టాడు, వెలలో దొంగలెక్క లేదు. నిజమైన అప్పు తీర్చడానికి ఒక అప్పులాయనను ముందు పెట్టుకోవడం దానంతట అదే మోసం కాదని 1915లోనే ముసహర్ సాహు కేసులో ప్రివీ కౌన్సిల్ తేల్చింది. జప్తు ఎత్తేశారు.

కోర్టు మెట్లు దిగుతుంటే వకీలు అడిగాడు: "ఈ బేరం మొదట మీ దగ్గరికి రాలేదా?" వచ్చిందన్నాను. "మీరు ఒప్పుకుని ఉంటే అవతలివాళ్లు మీ మీద ఇదే దావా వేసేవాళ్లు" అన్నాడు. అప్పటిదాకా నాకు తట్టని సంగతి అది. ఏ పనిని మోసమన్నానో, అదే పని నాతో చేయడానికే అతను నా అంగడికి వచ్చాడు. పొలం నాకు దక్కి ఉంటే అది న్యాయమేనని ఊళ్లో వాదించి ఉండేవాణ్ని. నా కోపం అతని అన్యాయం మీద కాదు, నా చేయి జారిపోయిన లాభం మీద.

అతను ఇప్పుడు బెంగళూరులో మేస్త్రీ పనికి పోతున్నాడు. పండక్కి వచ్చినప్పుడు నాకు కొంత ఇచ్చి వెళ్తాడు, డిక్రీ మీద చెల్లు వేస్తాను. నన్ను ఇంకా అన్నా అనే పిలుస్తాడు. డబ్బు పోయినందుకు నాకు పెద్ద బాధ లేదు, అంగడిలో పోయేదీ వచ్చేదీ మామూలే. అతని పిల్లలు 'మోసగాడు' అనే మాట వినాల్సి వచ్చింది, అది మాత్రం నన్ను వదలడం లేదు. అతన్ని నలుగురిలో మోసగాడన్నాను, ఇప్పుడు నలుగురికీ తెలిసేలా చెబుతున్నాను: అతను మోసం చేయలేదు. తన దగ్గర మిగిలిన ఒకే ఒక్క ఆస్తితో తీర్చగలిగిన అప్పు తీర్చాడు, అదీ ముందు నన్ను అడిగిన తర్వాతే.