పిల్లాడి పేరు, పెద్దల షికారు

రెండేళ్ల పిల్లవాణ్ణి కారు వెనక సీట్లో బెల్టులతో బిగించి, స్కాట్లాండ్ కొండల్లో ఊరికో రాత్రి చొప్పున వారం రోజులు తిప్పడాన్ని బ్రిటన్‌లో కుటుంబ విహారయాత్ర అంటారు. ఇందులో విహరించేది కారు. కుటుంబం అందులో కూర్చుని ఉంటుంది. లండన్, మాంచెస్టర్, ఎడిన్‌బరా నగరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు కూడా ఈ వ్రతాన్ని శ్రద్ధగానే ఆచరిస్తున్నాయి. ఆరు నెలల విజిటర్ వీసా మీద తాతయ్య, నానమ్మ వచ్చి ఉంటే ఏడు సీట్ల బండి అద్దెకు తీసుకుంటారు. ఈ వ్రతానికి ఒక సిద్ధాంతం ఉంది. పసితనంలోనే పిల్లలకు ప్రకృతిని పరిచయం చెయ్యాలి, ప్రపంచం చూపించాలి, జన్మంతా గుర్తుండే జ్ఞాపకాలు ఇవ్వాలి అంటుందది. దీన్ని ప్రతిపాదించినవాళ్లలో రెండేళ్లవాడు ఒక్కడూ లేడు.

కొండలు చూడటానికి జనం రావడం స్కాట్లాండ్‌కు కొత్త కాదు. 1773లో ఇంగ్లిష్ రచయిత డాక్టర్ శామ్యూల్ జాన్సన్ అరవై మూడేళ్ల వయసులో మిత్రుడు జేమ్స్ బాస్వెల్‌తో కలిసి హైలాండ్స్ అనే కొండసీమనూ పడమటి దీవులనూ చుట్టి వచ్చాడు. గుర్రాల మీదా పడవల మీదా సాగిన ఆ ప్రయాణం గురించి ఇద్దరూ చెరో పుస్తకం రాశారు. జాన్సన్‌ది 1775లో, బాస్వెల్‌ది 1785లో అచ్చయ్యాయి. బాస్వెల్‌కు అప్పటికి కొన్ని నెలల కూతురు ఉంది. ఆ పాపను ఎడిన్‌బరాలో తల్లి దగ్గర వదిలి వెళ్లాడు. రెండు పుస్తకాలూ పూర్తి కావడానికి ఇదొక ముఖ్య కారణమని సాహిత్య విమర్శకులు ఇంకా గుర్తించినట్టు లేదు. 1852లో విక్టోరియా రాణి కుటుంబం బాల్మోరల్ ఎస్టేట్ కొనుక్కున్నాక హైలాండ్స్ షికారు పెద్దింటి మర్యాద అయిపోయింది. రాణిగారికి తొమ్మిదిమంది సంతానం. వాళ్ల గుడ్డలు మార్చే పని మాత్రం రాణిగారిది కాదు. నేటి తల్లిదండ్రులు ఈ చరిత్రలోంచి కొండలను తీసుకున్నారు, ఆయాలను వదిలేశారు.

దారి సంగతి. ఇన్వర్‌నెస్ కోట దగ్గర మొదలై ఉత్తర తీరమంతా చుట్టి మళ్లీ అక్కడికే చేరే రోడ్లన్నిటికీ కలిపి 2015లో పర్యాటక ప్రచారం కోసం నార్త్ కోస్ట్ 500 అని పేరు పెట్టారు. పొడవు 516 మైళ్లు, అంటే దాదాపు 830 కిలోమీటర్లు. లండన్ నుంచి ఇన్వర్‌నెస్ చేరడానికి అయ్యే 900 కిలోమీటర్లు దీని మీద అదనం. రోడ్లు పాతవే, పేరొక్కటే కొత్తది. అయితే పేరు పడ్డ రోజు నుంచీ మధ్యలో ఒకచోట ఆగిపోవడం ఓటమి, మొత్తం చుట్టి రావడం ఘనకార్యం అయిపోయింది. ఆ ఘనకార్యానికి పథకం ఒక ఎక్సెల్ షీటులో ఉంటుంది. తొమ్మిదికి బయలుదేరడం, పదిన్నరకు జలపాతం, పన్నెండుకు కోట అని గళ్లు కట్టి ఉంటాయి. కనబడని రెండో చెప్పు కోసం మంచం కింద వెతకడానికి అందులో గడి ఉండదు. అందర్నీ ఎక్కించి తలుపులు వేశాక డైపర్ నిండితే మళ్లీ దింపడానికీ గడి ఉండదు. పన్నెండింటికి చూడాల్సిన కోట సాయంత్రం నాలుగుకు గేటు బయటి నుంచి కనబడుతుంది.

పిల్లవాడి ఆసనం గురించి చట్టం స్పష్టంగా ఉంది. పన్నెండేళ్లు నిండటం, 135 సెంటీమీటర్ల ఎత్తు రావడం, ఈ రెంటిలో ఏది ముందైతే అప్పటిదాకా పిల్లలు వాళ్లకని చేసిన సీట్లోనే కూర్చోవాలి. కొత్త ప్రమాణాల సీట్లలో పదిహేను నెలలు దాటేదాకా మొహం వెనక్కి తిప్పే కూర్చోబెట్టాలి. ఆ తర్వాత కూడా కొన్నేళ్లు అలాగే ఉంచితే మరీ క్షేమం. మంచి చట్టమే, దానికి వంక పెట్టాల్సిన పని లేదు. కాకపోతే దాని ఫలితం ఒకటి ఉంది. గ్లెన్‌కో లోయలో మేఘాలు కొండల మీంచి దిగుతున్నప్పుడు ముందు సీట్లవాళ్లు ఆహా అంటారు. వాళ్లు ప్రకృతిని చూపించాలని తెచ్చిన పిల్లవాడు మాత్రం బూడిదరంగు సీటు గుడ్డనూ, దాని కుట్టు మధ్య ఇరుక్కున్న నిన్నటి బిస్కెట్ ముక్కనూ చూస్తుంటాడు. బిస్కెట్ ముక్కే వాడికి నచ్చుతుంది. చంటిపిల్లలను కారు సీట్లో ఏకబిగిన రెండు గంటలకు మించి ఉంచవద్దని భద్రతా నిపుణులు చెబుతారు. ఆ మాట ఎక్సెల్ షీటుకు వినబడదు.

దారులన్నిటిలోకీ దారి బ్యాలక్ న బా కనుమ. ఆపిల్‌క్రాస్ పల్లెకు పోయే ఈ కొండదారి సముద్రమట్టం నుంచి 626 మీటర్ల దాకా ఎక్కుతుంది. తిరుమలలో ఎక్కే ఘాట్ రోడ్డు వేరు, దిగేది వేరు. ఇక్కడ రెండూ ఒకటే, అదీ ఒక్క బండి పట్టేంత వెడల్పు. కొత్తగా డ్రైవింగ్ నేర్చుకునేవాళ్లూ, మరీ పెద్ద బళ్లూ, కారవాన్లూ ఈ దారిన రాకపోవడం మేలని కింద బోర్డు పెట్టారు. రెండేళ్ల పిల్లల విషయంలో ఆ బోర్డు మౌనం పాటిస్తుంది. వెనక సీట్లో పిల్లవాడి చెవి లోపలి భాగం మలుపును పసిగడుతుంటే కళ్లు కదలని సీటు గుడ్డను చూస్తుంటాయి. రెండు కబుర్లూ పొసగక మెదడు తికమకపడితే వాంతి వస్తుంది. రెండేళ్లు దాటినప్పటి నుంచి పన్నెండేళ్ల వరకూ ఈ బాధ ఎక్కువ. అంటే ప్రకృతి పరిచయానికి తల్లిదండ్రులు ఎంచుకున్న ముహూర్తం, కడుపులో తిప్పడం మొదలయ్యే ముహూర్తం సరిగ్గా కలిశాయి. మూడో మలుపులో పొద్దున తిన్న అరటిపండు బయటికొస్తుంది. ఎదురుగా క్యాంపర్‌వ్యాన్ వస్తుంటుంది, వెనక స్థానికుడి వ్యాను ఓపిగ్గా కాచుకుని ఉంటుంది. ఇలాంటి ఒంటి రోడ్ల మీద అక్కడక్కడా తప్పుకోవడానికి కాస్త వెడల్పు వదిలి, పాసింగ్ ప్లేస్ అని పలక పాతుతారు. అది ఎదుటి బండికీ వెనక బండికీ దారివ్వడానికి. అక్కడ బండి నిలిపి ఉంచకూడదని నియమం. వాంతి తుడుచుకునే చోటు ఎక్కడో నియమావళి చెప్పదు.

దారికి అడ్డంగా గొర్రెలు పడుకుని ఉంటాయి. అవి హారనుకు లేవవు. యాత్రికులకు అది ముచ్చటగా ఉంటుంది, ఎవరూ లేని స్వచ్ఛమైన ప్రకృతి అని మురిసిపోతారు. ఎవరూ లేకపోవడం ప్రకృతి చేసిన పని కాదు. పద్దెనిమిదో శతాబ్దం మధ్య నుంచి సుమారు వందేళ్ల పాటు భూస్వాములు హైలాండ్స్ లోయల్లోంచి రైతు కుటుంబాలను వెళ్లగొట్టారు. చాలాచోట్ల ఆ నేలను గొర్రెల మేతకు ఇచ్చారు. సదర్లాండ్‌లో ఇళ్లు తగలబెట్టి మరీ ఖాళీ చేయించారు. జనం తీరానికి తోలబడ్డారు, ఓడలెక్కి కెనడాకు పోయారు. పిల్లలను చంకనేసుకుని వాళ్లు నడిచిన దారుల్లోనే ఇప్పుడు ప్రశాంతత దొరుకుతుందని ప్రకటనలు వస్తాయి. రోడ్డు మీద పడుకున్న గొర్రెకు అక్కడ కారు కంటే పాత హక్కు ఉంది.

ఇక చూడదగ్గ స్థలాలు. నెస్ సరస్సు నిడివి 36 కిలోమీటర్ల పైమాట, లోతు 230 మీటర్ల దాకా. ఇంగ్లండ్, వేల్స్ సరస్సులన్నీ కలిపినా అన్ని నీళ్లు ఉండవు. ఈ నిజం ఎవరికీ చాలలేదు కాబట్టి 1933లో ఒక వింతజంతువు పత్రికలకెక్కింది. 1934 నాటి ప్రసిద్ధ ఫొటో బొమ్మ జలాంతర్గామికి తల అతికించి తీసిందని 1994లో బయటపడింది. నీళ్లలోని డీఎన్ఏను పరీక్షించిన శాస్త్రజ్ఞులు సరీసృపం జాడేమీ లేదనీ, మలుగుపాముల జాడ మాత్రం దండిగా ఉందనీ 2019లో తేల్చారు. కొండను తవ్వితే ఎలుకైనా దొరికింది, ఇక్కడ సరస్సును వడగడితే మలుగుపాము దొరికింది. ఇన్ని తెలిసిన తండ్రి కూడా పిల్లవాణ్ణి ఎత్తి పట్టుకుని, నాన్నా అదుగో రాక్షసి అని చూపిస్తాడు. వాడు ఒడ్డున బాతును చూస్తాడు. బాతు నిజంగా ఉంది.

గ్లెన్‌ఫినన్ వంతెనది ఇంకో కథ. ఇరవై ఒక్క కమానులతో కాంక్రీటులో కట్టిన రైలు వంతెన అది. హ్యారీ పోటర్ సినిమాల పుణ్యమా అని వేసవిలో ఆవిరి రైలు వచ్చే వేళకు ఎదురుగా ఉన్న గుట్ట మీద జనం కిక్కిరిసి ఉంటారు. పిల్లవాడికి మధ్యాహ్నపు కునుకు పట్టే వేళలో కుటుంబం గుట్టెక్కి, చోటు పట్టుకుని, గంటసేపు కాచుకుంటుంది. ఆ గంటా వాడు నిద్రకు ఏడుస్తాడు. రైలు కూత వినబడేసరికి తండ్రి భుజం మీద నోరు తెరుచుకుని నిద్రపోతాడు. రైలు నిమిషంలో దాటిపోతుంది. ఫొటోలో వంతెన ఉంటుంది, పొగ ఉంటుంది, వాడి వీపు ఉంటుంది. కింద రాసేది మాత్రం, మావాడి మొదటి ఆవిరి రైలు అని.

ఐలియన్ డోనన్ కోట దగ్గర పెద్దలకు సొంత పని ఉంటుంది. 1998లో వచ్చిన కుఛ్ కుఛ్ హోతా హై సినిమా పాటలో ఆ కోట కనిపిస్తుంది కాబట్టి వంతెన మీద చేతులు చాచి ఫొటో దిగాలి. 1719లో యుద్ధనౌకల మీద వచ్చిన సైనికులు పట్టుకుని మందుగుండుతో పేల్చేసిన ఆ కోటను రెండు శతాబ్దాల తర్వాత, 1919 నుంచి 1932 దాకా, మళ్లీ కట్టారు. ఫొటో కుదిరేలోపు పిల్లవాడు కార్ పార్కు గులకరాళ్లలో ఒకటి ఎంచుకుంటాడు. లోపలికి రమ్మంటే రాడు. ఆ రాయిని లాగేసుకుంటే పదమూడో శతాబ్దపు గోడల చరిత్ర చెప్పే గైడు గొంతు ఎవరికీ వినబడదు.

నిజంగా ఆగాల్సిన చోట మాత్రం కారు ఆగదు. అల్లపూల్ రేవు నార్త్ కోస్ట్ 500 దారిలోనే ఉంది. అక్కడి నుంచి ఓడ వెళ్లేది లూయిస్ దీవిలోని స్టోర్నోవేకు. తెలుగు పల్లెల కైఫీయతులు సేకరింపజేసిన కాలిన్ మెకంజీ పుట్టిన ఊరది. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య లాంటివాళ్ల సాయంతో ఊరూరి చరిత్ర రాయించిన మనిషి ఎక్కణ్ణుంచి బయలుదేరాడో చూడటానికి తెలుగువాడికి ఒక రోజు చాలు. కానీ ఎక్సెల్ షీటులో అల్లపూల్ ఎదురుగా పెట్రోలు, డైపర్లు అని మాత్రమే ఉంటుంది.

రాత్రి సంగతి పగటి కంటే కష్టం. జూన్‌లో ఇన్వర్‌నెస్ చుట్టుపక్కల రాత్రి పది దాటాక పొద్దుగూకుతుంది, తెల్లవారుజామున నాలుగున్నర లోపే సూర్యుడు వస్తాడు. కిటికీ అవతల ఎండ కాస్తుంటే రాత్రయింది పడుకో అని రెండేళ్లవాణ్ణి ఏ తల్లీ ఒప్పించలేదు. బస చేసిన చోట సన్నటి కర్టెన్లకు చెత్తసంచులు టేపుతో అంటించడం ఈ యాత్రలో తండ్రుల ముఖ్య హస్తకళ. గాలి ఆగి, మబ్బు పట్టి, కాస్త తేమగా ఉంటే మిడ్జెస్ అనే సన్నటి కుట్టుపురుగులు గుంపులుగా లేస్తాయి. మే నుంచి సెప్టెంబరు దాకా, అంటే యాత్రల కాలమంతా, వాటి కాలమే. కుట్టేది ఆడపురుగులు. మనిషి వదిలే ఊపిరిని బట్టి మనిషిని కనిపెడతాయి. ఊపిరి బిగబట్టమని పిల్లవాడికి చెప్పలేరు, వాడు ఆ సమయంలో ఏడుస్తుంటాడు.

భోజనానికి రైస్ కుక్కరు వెంట వస్తుంది. కిటికీ అవతల సముద్రం, ఇవతల ఇంగువ తిరగమోత. పెరుగన్నం లేనిదే ముద్ద మింగనివాడికి ప్రపంచ రుచులు పరిచయం చెయ్యాలన్న అధ్యాయాన్ని మొదటి రోజే మూసేస్తారు. ఈ యాత్రలో అందరికీ మేలు చేసిన నిర్ణయం ఇదొక్కటే.

చివరికి జ్ఞాపకాల లెక్క. పెద్దయ్యాక మనుషులకు మూడు, మూడున్నరేళ్ల లోపు సంఘటనలు సాధారణంగా గుర్తుండవని మనస్తత్వ శాస్త్రం చాలాకాలంగా చెబుతోంది. జన్మంతా గుర్తుండాలని చేసిన యాత్ర, జ్ఞాపకం నిలవని వయసులోనే జరుగుతోందన్నమాట. గుర్తుండేది పెద్దలకు, అదీ ఫోనులో. యాత్ర ముగిశాక ఇండియాలో ఉన్న అమ్మమ్మ వీడియో కాల్‌లో, బంగారుకొండా, ఏం చూశావురా అని అడుగుతుంది. తల్లిదండ్రులు పక్కనుంచి కోట, సరస్సు, రైలు అని అందిస్తుంటారు. వాడు కాసేపు ఆలోచించి, అంబా అంటాడు. ఆ మాట అక్షరాలా నిజం. కళ్ల మీద జుట్టు పడ్డ హైలాండ్ ఆవును కంచె దగ్గర నిలబడి అరగంట చూశాడు. వాణ్ణి అక్కణ్ణుంచి లాక్కొచ్చి కారెక్కించింది పన్నెండు గంటల కోట కోసమే.

తల్లిదండ్రులకు హైలాండ్స్ చూడాలని ఉంటే చూడాలి. ఏడాదంతా ఉద్యోగం, డేకేర్ మధ్య నలిగినవాళ్లకు ఆ కోరిక తప్పేమీ కాదు. ఆ కోరికను పిల్లవాడి ఖాతాలో రాయడమే తప్పు. వాడి కోసమే వెళ్తున్నామనుకుంటే ఒక ఊరు చాలు, ఊళ్లో ఒక ఆవు, ఒక గుంట, కొన్ని రాళ్లు చాలు. ఉన్నచోటనే వారం ఉండి, వాడి నడకతో నడవండి. 516 మైళ్లలోంచి 500 తీసేయండి. మిగిలిన 16 మైళ్లు రెండేళ్లవాడికి ఎక్కువే.