ఒంటిరాయి

2024 ఏప్రిల్ ఆఖర్లో అమ్మ 90 రోజుల వీసా మీద లిమరిక్ వచ్చింది. రాజమండ్రిలో రోళ్లు పగిలే ఎండలు. ఇక్కడేమో ఆమె రెండు స్వెట్టర్ల మీద శాలువా కప్పుకుని కిటికీ దగ్గర కూర్చునేది. పెట్టెలో నాకోసం ఆవకాయ, కందిపొడి, మెత్తబడ్డ నేత చీరలు తెచ్చింది. మందుల సంచీలో ఒక కాగితం పొట్లం కూడా ఉంది. విప్పి చూస్తే వేపపుల్లలు, ఒక్కొక్కటీ అగ్గిపుల్లలో సగం కూడా లేదు. పళ్ల సందుల్లోకి తెచ్చుకుందనుకున్నాను. పొద్దున్నే బాత్రూంలో సబ్బు పక్కన ఒక పుల్ల కనిపించేది, కడిగి ఆరబెట్టినట్టు. తీసి పారేసేదాన్ని. మర్నాటికి ఇంకోటి ఉండేది.

మే నెలలో ఒక శనివారం ఆమెని ఊళ్లోకి తీసుకెళ్లాను. రహీన్‌లో మా ఇంటి దగ్గర 304 బస్సు ఎక్కి, ఊరి మధ్యలో దిగి, ముందు సార్స్‌ఫీల్డ్ వంతెన మీదికి నడిచాం. షానన్ నది పొడవు 360 కిలోమీటర్లు, ఐర్లండ్‌లో ఇంతకంటే పెద్ద నది లేదు. లిమరిక్ దాకా సముద్రపు పోటు వస్తుంది. ఆటు వేళ నీళ్లు తీసేస్తే, కింగ్ జాన్ కోటకి ఎదురుగా నది అడుగున ఉన్న రాళ్లు బయటపడతాయి, వాటి మీద నుంచి నీరు నురగలు కక్కుతూ దూకుతుంది. మేం వెళ్లేసరికి అదే వేళ.

అమ్మ చాలాసేపు చూసింది. "ధవళేశ్వరం దిగువన కూడా ఇలాగే ఉంటుందే ఎండాకాలం" అంది.

ఆ మాటకి నా మనసు ఎక్కడికి పోయిందో ఆమెకి చెప్పలేదు. 2019 ఆగస్టు. గోదావరి ఎర్రగా, నిండుగా ఉంది. నాన్న పదోరోజు. కోటిలింగాల రేవులో మెట్లు సగం నీళ్లలోనే ఉన్నాయి. అమ్మ చుట్టూ ఆడవాళ్లు. గాజులు అయిపోయాయి, మెట్టెలు అయిపోయాయి. ముక్కుపుడక మాత్రం రాలేదు. కుడి ముక్కుకి ఒంటిరాయి పుడక, పెళ్లప్పుడు వాళ్ల నాన్న చేయించింది. ముప్పై ఏళ్లకి పైగా కదపని మర బిగుసుకుపోయింది. ఎవరో మేనత్త వరసావిడ గట్టిగా తిప్పబోతే అమ్మ తల వెనక్కి లాక్కుని నాకేసి చూసింది. "నువ్వు తియ్యవే. నీ చేత్తో తియ్యి."

సబ్బు నీళ్లు పోసి, లోపల మర పట్టుకుని, చిన్నగా తిప్పుతూ నేనే తీశాను. అమ్మ కళ్లు మూసుకుని ఊపిరి బిగపట్టింది. వచ్చాక నా గుప్పిట్లో పెట్టి మూసి, "ఉంచు నీ దగ్గర" అంది.

నాకిచ్చేసిందనుకున్నాను. ఐదేళ్లుగా అది నా బీరువాలో కుంకుమభరిణెలో ఉంది. ముక్కు కుట్టించుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం లేదు. మరి ఎలా పెట్టుకోవాలి అని ఆలోచిస్తుంటే అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆవిడ పై చెవికి బావిలీలు ఉండేవి. నేను కూడా పై చెవి కుట్టించుకుని అక్కడ ఈ ఒంటిరాయి పెట్టుకుంటే, అమ్మ ఎప్పుడు నన్ను చూసినా ఆమె పుడక ఆమెకి కనపడుతూ ఉంటుంది. అమ్మ ఇక్కడ ఉండగానే, ఆమె కళ్లెదుటే అది జరగాలని నిశ్చయించుకున్నాను. చెప్పకుండా తీసుకెళ్లి చూపించాలని నా కోరిక.

మిల్క్ మార్కెట్లో ముల్లంగి కట్టలు కొన్నాం. 1852 నాటి సంత అది, శనివారం ఊరంతా అక్కడే ఉంటుంది. అక్కడి నుంచి నాలుగు అడుగుల్లో చెవులు కుట్టే చోటు. నాకు బొత్తిగా కొత్త. మెట్లెక్కుతుంటే కాళ్లు తడబడ్డాయి. నాకు తెలిసిన చెవికుట్టు ఒకటే: మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి, నోట్లో బెల్లం ముక్క పెట్టి, ఆచారిగారు బంగారు తీగ దూర్చేయడం. ఏడుపు, తర్వాత పట్టు లంగా.

ఇక్కడ గది ఆస్పత్రిలా ఉంది. నేను పని చేసేది మందుల కంపెనీలో, సూక్ష్మజీవులు చొరబడకుండా చూసే విభాగం. ఒక గది శుభ్రంగా ఉందో లేదో గుమ్మంలోనే తెలిసిపోతుంది నాకు. పనిముట్లు ఆవిరి పీడనంతో శుద్ధి చేసే యంత్రం, సీలు వేసిన సంచుల్లో సూదులు, ఒక్కో సంచీ మీద రంగు మారిన గుర్తు. మనసు కుదుటపడింది.

కుట్టే అమ్మాయికి పాతికేళ్లుంటాయి. ముందు ఒక కాగితం ఇచ్చి రాయమంది. ఏమైనా తిన్నారా, రక్తం పల్చబడే మందులు వాడుతున్నారా, ఏ లోహమైనా పడదా, ఎవరి బలవంతం మీదా కాక మీ ఇష్టంతోనే కుట్టించుకుంటున్నారా. ఆఖరి ప్రశ్న అమ్మకి తెలుగులో చెప్పాను. "అది కూడా అడుగుతారా?" అంది, నెమ్మదిగా.

గోడకి అద్దాల అరలో నగలు చూస్తూ నిలబడింది అమ్మ. రెండు వారాల క్రితం డబ్లిన్ జాతీయ మ్యూజియంలో కూడా ఇలాగే నిలబడిపోయింది. వెక్స్‌ఫర్డ్ జిల్లా బాలినెస్కర్‌లో దొరికిన బంగారు చెవి బిళ్లలు ఉన్నాయక్కడ, ఇప్పటికి సుమారు 2,800 ఏళ్ల నాటివి. తమ్మెలు సాగదీసి పెట్టుకునే దారపు కండెల్లాంటి పెద్ద నగలు. "పెట్టుకున్నవాళ్లు పోయినా కన్నాల కొలత మిగిలింది చూడవే" అంది అప్పుడు.

నేను భరిణె తీసి ఆ అమ్మాయి చేతికిచ్చాను. "ఇది మా అమ్మది. ఇదే పెట్టాలి నాకు."

అమ్మ తిరిగి చూసింది. పుడకని చూసింది. ఏమీ అనలేదు. శాలువా కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. సంతోషం వస్తే అమ్మ అంతే, నోట మాట రాదు అనుకున్నాను.

ఆ అమ్మాయి భూతద్దంలో పుడకని తిప్పి తిప్పి చూసింది. చాలా ముచ్చటపడింది. చెక్కడం చేత్తో చేసిందని, రాయి చుట్టూ పళ్లు ఎంత సన్నగా లాగారో చూడమని నాకే చూపించింది. తర్వాత తల అడ్డంగా ఊపింది.

"కొత్త కుట్టుకి ఇది పెట్టలేను. కాడ పొట్టి. చెవి వాచాక చోటు చాలదు. పాత బంగారంలో, టంకంలో ఏం కలిపారో తెలియదు. నికెల్ ఉంటే పుండవుతుంది. ఇప్పుడు టైటానియం పెడతాను."

నాకు తెలిసిన సంగతే. కొత్తగా కుట్టిన చోట పెట్టే నగ నుంచి వారానికి, చదరపు సెంటీమీటరుకి, 0.2 మైక్రోగ్రాముల కంటే ఎక్కువ నికెల్ బయటికి రాకూడదని యూరప్ నియమం. కానీ అమ్మ పుడకకి ఇవన్నీ వర్తిస్తాయని నాకు తట్టనేలేదు.

"ఎప్పుడు పెట్టుకోవచ్చు మరి?"

"తమ్మెకైతే ఆరు నుంచి ఎనిమిది వారాలు చాలు. ఇది మృదులాస్థి, దానికి సొంతంగా రక్తనాళాలు ఉండవు. ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది."

అమ్మ అప్పటికి ఇక్కడ ఉండదు. బాధేసింది. అయినా కుట్టమన్నాను.

ఊదారంగు సిరాతో చెవి మీద చుక్క పెట్టింది. అద్దం చూపించి, సరిగ్గా ఉందా అని నన్నే అడిగింది. తుడిచి, ఒక పిసరు పైకి జరిపి, మళ్లీ పెట్టింది. తుపాకీలాంటి యంత్రం ఆమె వాడదట. అది మొద్దుగా దూసుకుపోయి మృదులాస్థిని నలిపేస్తుందని చెప్పింది. బోలు సూది. ఊపిరి పీల్చమంది, వదలమంది. వదులుతుండగా చెవిలో టక్కుమంది, అంతే. తర్వాత వేడి. సూది వెనకాలే టైటానియం కాడ దూరింది, వెనక చదునైన బిళ్ల. వాపు తగ్గాక పొట్టి కాడ మార్చుకోవడానికి మళ్లీ రమ్మంది. రోజుకి రెండుసార్లు ఉప్పునీటి స్ప్రే కొట్టాలి. ఆ పక్కకి పడుకోకూడదు. కొబ్బరినూనె రాసి తిప్పకూడదు. మన ఇళ్లలో చేసేది సరిగ్గా అదే, మానడానికి అది అడ్డమని నాకు ఆ రోజే తెలిసింది.

"అమ్మా, చూడు!"

అమ్మ దగ్గరికి వచ్చింది. నా చెవి చూడాలని వంగింది. కళ్లజోడు సర్దుకోవడానికి శాలువా వదిలేసింది. కుర్చీ పైన దీపం వెలుగు తిన్నగా ఆమె ముఖం మీద పడింది.

ఆ అమ్మాయి చేతి తొడుగులు విప్పబోతూ ఆగింది. అమ్మ ముఖంలోకి చూసి, "చూడొచ్చా?" అని సైగ చేసింది. అమ్మ కదల్లేదు. కాదనలేదు.

"మీ అమ్మగారు ఇవాళ పుడక పెట్టుకోవడం మర్చిపోయారా?" అని నన్ను అడిగింది.

"లేదు. ఆమె పెట్టుకోదు. మా నాన్న పోయినప్పుడు తీసేశాం. ఐదేళ్లయింది."

ఆ అమ్మాయి నావైపు చూసింది, మళ్లీ అమ్మ వైపు.

"కాదండీ. ముక్కు లోపలి పొర చాలా తొందరగా మూసుకుపోతుంది. పాత కుట్టయినా ఇన్నేళ్లు వదిలేస్తే సన్నబడిపోతుంది, పైన సొట్ట మిగులుతుంది. ఇది తెరిచే ఉంది. అంచులు శుభ్రంగా ఉన్నాయి. నిన్న రాత్రి కూడా ఇందులో ఏదో ఉంది."

ట్రేలో నా చెవి తుడిచిన దూది ఉంది. పక్కన మూత తీసిన భరిణె, అందులో ఒంటిరాయి. ఆ అమ్మాయి దాన్ని వేలితో మెల్లగా అమ్మ వైపు జరిపింది. "మీరు ఏడాది ఆగాలి. ఆమెకి ఈ క్షణంలో పడుతుంది" అంది నాతో.

సబ్బు పక్కన కడిగి ఆరబెట్టిన పుల్ల. నేను పారేసిన పుల్లలు. ఎన్ని పారేశానో.

"అమ్మా, వేపపుల్లలు..."

"రాత్రిళ్లు పెట్టుకుంటున్నానే. తెల్లారేలోపు తీసేస్తాను. ఎవరూ చూడలేదు." సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు ఉంది గొంతు.

"ఐదేళ్లుగానా? ఎందుకమ్మా?"

అమ్మ భరిణె మూత పెట్టి, మళ్లీ నా గుప్పిట్లోనే పెట్టి మూసింది.

"తీసింది నువ్వే కదా. ఎప్పటికైనా నువ్వే పెట్టుకోమంటావేమోనని."