దోహాలో విల్లా కొని పోర్షన్లు వేయు విధానం

ఆరు పోర్షన్లు, ఒక్కోదానికి నెలకు 4,000 రియాల్స్, 12 నెలలు. ఏడాదికి 2,88,000. విల్లా ధర 30 లక్షలు. ఇక్కడితో కాలిక్యులేటర్ పక్కన పెట్టేయండి. ఇంకో మీట నొక్కారంటే లాభం తగ్గడం మొదలవుతుంది.

2020 నాటి కేబినెట్ నిర్ణయం ప్రకారం విదేశీయులు సొంత హక్కుతో కొనగలిగేవి పెర్ల్, లుసైల్ వంటి 9 ప్రాంతాలు. నజ్మా, మన్సూరా వంటి మరో 16 చోట్ల 99 ఏళ్ల అనుభవ హక్కు. ఈ జాబితా పట్టుకు వేలాడితే మీరు మనసు పడ్డ అబూ హమూర్ విల్లా చేజారిపోతుంది. తెలిసిన ఖతరీ పెద్దమనిషి పేరున కొనేయండి. ఇల్లు ఆయనది, నమ్మకం మీది.

ఇల్లు చూడ్డానికి జనవరిలోనే వెళ్లండి. ఏసీ వేసి చూపించమనడం మర్యాద కాదు. మజ్లిస్ హాలును జిప్సం బోర్డుతో రెండు చేసి ఉంటే సంతోషించండి. ఇటు కుక్కర్ విజిలేస్తే అటువాళ్లు స్టవ్ ఆపుతారు, గ్యాస్ ఆదా. కహ్రమా కరెంటు మీటరు అందరికీ ఒక్కటే, అద్దెలోనే కరెంటు, నీళ్లు అని మీరే ప్రకటన ఇచ్చారు కాబట్టి ఆగస్టు బిల్లు గురించి ఇప్పట్నుంచే ఆలోచించకండి.

అద్దె అంచనాకు 2022 ప్రపంచకప్ ముందరి రేట్లే ప్రామాణికం. ఆ తర్వాత దిగాయని కొందరంటారు, గిట్టనివాళ్ల మాట. జూన్‌లో స్కూళ్లకు సెలవులివ్వగానే భార్యాపిల్లల్ని ఊరికి పంపేసి, ఫ్రెండ్స్ రూముకు మారిపోయే మగమహారాజులూ ఉంటారు. రెండు పోర్షన్లు రెండేసి నెలలు ఖాళీ అయితే 16,000 పోతుంది. పోనివ్వండి, పైన వేసిన లెక్కలో అది లేదుగా!

అద్దె ఒప్పందాన్ని ఓనరే రిజిస్టర్ చేయించాలని 2008 నాటి 4వ నంబరు చట్టం చెబుతోంది. బలదియా (మున్సిపాలిటీ) పర్మిషన్ లేని పోర్షన్‌కు రిజిస్ట్రేషన్ దండగ. ఆ కాగితం లేక అద్దెకున్నవాళ్ల ఫ్యామిలీ వీసా ఆగితే, వాళ్లావిడ నిజామాబాద్‌లో ఇంకొన్నాళ్లు పుట్టింట్లో ఉంటుంది. మీకు నీళ్ల ఖర్చు మిగులు.

బలదియా ఇన్‌స్పెక్టర్ వస్తే ఒకటే కుటుంబం అని చెప్పండి. ఆరు ఇంటిపేర్లేమిటని అడిగితే అందరూ బావమరుదులే అనండి. మరి ఆరు వంటిళ్లెందుకంటే, తోడికోడళ్లకు పడదనండి.