డాంగిల్ అంకుల్

బిల్డరు బ్రోషర్‌లో క్లబ్ హౌసు ఉంటుంది, పవర్ బ్యాకప్ ఉంటుంది, నూరు శాతం వాస్తు ఉంటుంది. డాంగిల్ అంకుల్ మాత్రం ఉండరు. అయినా గృహప్రవేశాలన్నీ అయ్యేసరికి సెల్లార్‌లో ఆయన వెలుస్తారు. రిటైరైన బ్యాంకు మేనేజరు కావచ్చు, ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేరాయన కావచ్చు. గుర్తు మాత్రం ఒక్కటే. ఎవరి కారైనా స్టార్టయిన చప్పుడు వినగానే తల కాస్త పక్కకి వంచి, కళ్లు సగం మూసి "ఊఁ..." అంటారు. ఆ "ఊఁ" చెవిన పడ్డ కారు యజమాని ఆ రోజు ఆఫీసులో స్థిమితంగా కూర్చోలేడు.

కూకట్‌పల్లిలో మా అంకుల్ మొదటి రకం, అంటే మాజీ మేనేజరు. షార్ట్స్ జేబులో ఎప్పుడూ ఒక నీలం ప్లాస్టిక్ ముక్క, అదే డాంగిల్, ఉంటుంది. ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయల లోపే. దాని మీద ఈఎల్ఎం 327 అని రాసి ఉంటుంది. ఆ పేరున్న చిప్పు చేసిన అసలు కంపెనీ కెనడాది, 2022లో మూతపడింది. మన దగ్గర దొరికేవి చాలామటుకు దాని నకళ్లే. ఈ మాట ఆయన ముందు అనకండి, నొచ్చుకుంటారు.

స్టీరింగ్ కింద, మోకాలి పైన, 16 పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. ఆ నీలం ముక్క దాన్లో గుచ్చితే కారు చెప్పేది ఫోన్‌లోని యాప్‌కి వస్తుంది. కారు కొని ఏళ్లు గడిచినా చాలామందికి అది అక్కడుందనే తెలీదు. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి ఈ ఏర్పాటు తప్పనిసరి. మన దేశంలో 2010 నుంచి దశలవారీగా వచ్చింది. విషవాయువులు పెంచే లోపం ఏదైనా తలెత్తితే కారే దాన్ని పసిగట్టాలి, ఇంజన్ బొమ్మ దీపం వెలిగించాలి, ఒక కోడు రాసిపెట్టుకోవాలి. ఆ కోడు కంపెనీవాళ్లే కాదు, ఎవరైనా చదువుకోగలగాలి. నిబంధన రాసినవాళ్లు "ఎవరైనా" అన్నప్పుడు మా అంకుల్‌ని ఊహించి ఉండరు.

ఆదివారం ఉదయం, టిఫిన్లయ్యాక, ఆయన ఓపీ మొదలవుతుంది. మొన్న మూడో అంతస్తు అమ్మాయి దిగింది.

"అంకుల్, పసుపు లైటొకటి వెలుగుతోంది. సర్వీస్ సెంటర్‌కి వెళ్లాలా?"

"నేనుండగా సర్వీస్ సెంటరెందుకమ్మా?" అని ఆయన డ్రైవరు సీటు కిందకి దూరారు. కాసేపు రెండు కాళ్లు, నడుం పట్టేసిన మూలుగు తప్ప ఇంకేమీ బయటికి రాలేదు. ఆ తర్వాత ఫోన్‌తో పైకి లేచారు.

"పి0171. సిస్టం టూ లీన్, బ్యాంక్ వన్."

"ఏ బ్యాంకు అంకుల్?"

"మా బ్యాంకు కాదులే అమ్మా. ఇంజన్లో గాలి ఎక్కువైంది, పెట్రోలు తక్కువైంది. ఆక్సిజన్ సెన్సార్ పోయింది. మార్పించేయ్."

ఇక్కడే ఉంది తిరకాసు. జాతకంలో శని ఎక్కడున్నాడో చూసి పెళ్లెందుకు కాలేదో చెప్పేసినట్టు, కోడు చూసి ఏ సామాను పోయిందో చెప్పేస్తారాయన. నిజానికి కోడు చెప్పేది ఒక్క ముక్కే: సైలెన్సర్ వైపు వెళ్లే పొగలో ఉండాల్సినదానికంటే ఆక్సిజన్ ఎక్కువ మిగులుతోంది. ఎందుకు మిగులుతోందో దానికి తెలీదు. గాలి కొలిచే సెన్సార్ దాటాక ఎక్కడో రబ్బరు గొట్టం చీలి దొంగగాలి లోపలికి పోతుండొచ్చు. ఆ సెన్సార్ మీదే దుమ్ము పట్టి లెక్క తప్పు చెప్తుండొచ్చు. పెట్రోలు పంపు నీరసించి ఉండొచ్చు, ఫిల్టరు పూడిపోయి ఉండొచ్చు. ఈ అనుమానితులందరినీ వదిలేసి, కబురు మోసుకొచ్చిన ఆక్సిజన్ సెన్సార్‌నే పట్టుకుని ఉరితీయమన్నారు మా అంకుల్.

కొత్త సెన్సార్ పడింది. వారం తిరక్కుండా దీపం మళ్లీ వెలిగింది.

"డూప్లికేట్ వేసుంటాడమ్మా" అన్నారు అంకుల్, నీలం ముక్క జేబులో వేసుకుంటూ.

కోడు చదవడం కన్నా చెరపడమంటే ఆయనకి ప్రాణం. యాప్‌లో "క్లియర్" అని ఒక మీట ఉంది. దాని మీద వేలు పెట్టేముందు ఒక్క క్షణం ఆగి అందరి మొహాలూ చూస్తారు. నొక్కుతారు. దీపం ఆరిపోతుంది. కారాయన దండం పెడతాడు, సాయంత్రానికి బొబ్బట్లు పైకి వెళ్తాయి. చెరిగింది దీపం ఒక్కటే కాదు. లోపం పట్టుబడిన క్షణంలో ఇంజన్ ఎంత వేగంతో తిరుగుతోంది, ఎంత వేడి మీద ఉంది, బండి ఎంత స్పీడులో ఉంది అని కంప్యూటరు దాచుకున్న లెక్కంతా పోయింది. మెకానిక్కి దొరికే మొదటి ఆధారం అదే. పైగా కంప్యూటరు తన పరీక్షలన్నీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. కొన్ని పరీక్షలకి చల్లారిన ఇంజన్ స్టార్ట్ కావాలి, కొన్నిటికి హైవే స్పీడు కావాలి. అవన్నీ పూర్తయి మళ్లీ దీపం వెలిగించడానికి దానికి కొన్ని రోజులు పడుతుంది. మా అంకుల్ కీర్తి ప్రతిష్ఠలన్నీ ఆ కొన్ని రోజుల మీదే నిలబడి ఉన్నాయి.

సెల్లార్‌లో ఆయనకి ఒక ప్రత్యర్థి ఉన్నారు, మొదటి అంతస్తు తాతగారు. అంబాసిడర్ నడిపిన చెయ్యి. పాయింట్లు ఎమ్రీ కాగితంతో గీకడం, కార్బురేటర్ విప్పి ఊదడం, పొడుగాటి స్క్రూడ్రైవరు కొన ఇంజన్‌కి ఆనించి పిడి చెవికి పెట్టుకుని లోపల ఏ బేరింగు అరుస్తోందో చెప్పడం ఆయన విద్యలు. "ఏమయ్యా, దీనికి ఫోనెందుకు? ప్లగ్గు విప్పు. మసి పట్టిందా, తెల్లగా కాలిందా చూడు" అంటారు. మాటలో తప్పేం లేదు, ప్లగ్గు రంగు ఇవాళ్టికీ నిజమే చెప్తుంది. కానీ ఓసారి మాట పంతానికి వచ్చి అంకుల్ బానెట్ ఎత్తారు. పైన అంతా నల్లటి ప్లాస్టిక్ మూత. తాతగారు స్క్రూడ్రైవరు పట్టుకుని అటూ ఇటూ చూసి, "ఇంజనేదయ్యా?" అన్నారు. అంకుల్‌కి ఆ రోజు రాత్రి నిద్ర బాగా పట్టిందట.

అంకుల్ పరువు తీసింది తాతగారు కాదు, రోడ్డు చివర షెడ్డు భాయ్. అయిదో అంతస్తు కారు వణుకుతోంది. కోడు పి0301, అంటే ఒకటో సిలిండర్ మంట తప్పుతోంది. "కాయిల్ పోయింది. నాలుగూ సెట్టుగా మార్చాలి" అని అంకుల్ తీర్పు. భాయ్ కొత్త సామానేదీ కొనలేదు. ఒకటో సిలిండర్ కాయిల్ తీసి రెండో దాంట్లో, రెండోది ఒకటో దాంట్లో పెట్టి ఒక రౌండు తిప్పాడు. కాయిలే పాడైతే దాంతోపాటు తప్పు కూడా రెండో సిలిండర్‌కి పోవాలి, కోడు పి0302 కావాలి. కాలేదు. ప్లగ్గులు అటూ ఇటూ మార్చాడు. అప్పుడూ కదల్లేదు. టార్చి వేసి వైర్ల వెంట వేలు పోనిస్తూ వెళ్తే ఒకటో కాయిల్‌కి పోయే వైరు దొరికింది. తెగీ తెగకుండా ఎలుక కొరికింది. బండి కుదుపుకి ఓసారి తగులుతుంది, ఓసారి తగలదు.

"నా యాప్‌లో ఎలుక అని రాలేదే!" అన్నారు అంకుల్.

"ఎలుకకి కోడ్ లేదు సార్" అన్నాడు భాయ్. "కోడ్ మంచిగనే చెప్పింది. మనమే దాని నోట్లో మాటలు పెట్టినం."

అలాగని అంకుల్ చెప్పేదంతా కోత అనలేను. రెండో అంతస్తువాళ్ల బీఎస్-6 డీజిల్ బండి నాలుగు వీధుల అవతల ఉన్న ఆఫీసుకి తప్ప ఎక్కడికీ వెళ్లదు. ఆ బళ్లకి సైలెన్సర్ దారిలో మసి పట్టే ఫిల్టరు, అదే డీపీఎఫ్, ఉంటుంది. ఆ మసి కాలి బూడిద కావాలంటే పొగ బాగా వేడెక్కాలి. అందుకు బండి ఆగకుండా కాసేపు వేగంగా పోవాలి. సిగ్నల్‌కీ సిగ్నల్‌కీ మధ్య అది జరిగే పని కాదు. ఫిల్టరు దీపం వెలగ్గానే సర్వీస్ సెంటర్‌వాళ్లు పెద్ద ఎస్టిమేటే ఇచ్చారు. అంకుల్ తాళాలు అడిగి తీసుకుని ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి అరగంట ఒకే వేగంతో నడిపి వచ్చారు. దీపం ఆరింది. ఈసారి నిజంగానే ఆరింది. దాంతో ఆయన్ని పట్టడం ఎవరి తరమూ కాలేదు. జలుబు చేసిన కారుకీ, బ్యాటరీ దిగిన కారుకీ అదే మందు: "ఔటర్ మీద ఒక రౌండు వేయాలి." పెట్రోలు ఎవరు పోస్తారో వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో మంచి పని కూడా ఆయన ఖాతాలో వేయాలి. ఇంజన్ దీపం నిలకడగా వెలిగితే నెమ్మదిగా షెడ్డుకి పోవచ్చు. మిణుకుమిణుకుమంటే మాత్రం మంట గట్టిగా తప్పుతున్నట్టు. కాలని పెట్రోలు పోయి, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది. దాని లోపలి గూళ్లు కరిగితే ఖర్చు మామూలుగా ఉండదు. అలాంటి బండి గేటు దాటబోతే అంకుల్ చేతులు చాచి అడ్డంగా నిలబడతారు. ఎంత హారన్ కొట్టినా జరగరు. మా అపార్ట్‌మెంట్‌లో అలా అడ్డుపడటం వల్ల ఒకరికి బోలెడు డబ్బు మిగిలింది. ఆ ఒకరు ఇప్పటికీ ఆయన్ని తిడుతూనే ఉన్నారు, ఆ రోజు మీటింగు పోయిందని.

మీ సెల్లార్‌లోనూ ఒకరు ఉండే ఉంటారు. దీపం వెలిగితే తప్పకుండా ఆయనకి చూపించండి. కోడు చదివించుకోండి, చెరిపేలోపు ఆ స్క్రీన్ అంతా ఫోటో తీసుకోండి, ఆ ఫోటో మెకానిక్ చేతిలో పెట్టండి. సామాన్ల పేర్లు చెప్తే వినండి, కొనకండి. ఔటర్‌కి తీసుకెళ్తానని తాళాలు అడిగితే మాత్రం, మీది పెట్రోలు బండి అని ముందే చెప్పండి.