రెండో శనివారం మూసి ఉండే అడవి: ఒక బహిరంగ లేఖ

ప్రకృతి విద్యా కేంద్రాల పనివేళలు నిర్ణయించే గౌరవనీయ అధికారి గారి సముఖమునకు,

విషయం: రెండో శనివారాలు, ఆదివారాలు, ఇతర ప్రభుత్వ సెలవులు.

ప్రకృతి విద్యా కేంద్రం అనేది అడవిని, నీటిని, వాటిలో బతికే ప్రాణులను పిల్లలకు చూపించి చెప్పే చోటు. ఇది జంతు ప్రదర్శనశాల కాదు. ఇక్కడ బోనులుండవు, ఉంటే ఒకటీ అరా. మ్యూజియం కూడా కాదు. గోడ దాటితే నిజమైన చెరువో, చెట్టో, రాళ్లగుట్టో ఉండాలి. లోపల చూసినదాన్ని బయట పోల్చుకోవడం, బయట కనిపించినదాన్ని లోపలికొచ్చి అడగడం, కేంద్రం చేసే పని మొత్తం ఇంతే. ఇది జరగాలంటే గైడు, బొమ్మలు, పుస్తకాలు, ప్రొజెక్టరు వంటివి చాలా కావాలి. అన్నిటికంటే ముందు తలుపు తెరిచి ఉండాలి.

తలుపు సంగతి ఇదీ. సంగారెడ్డి జిల్లా ఝరాసంగం మండలంలోని ఒక బడి పిల్లలు ఈ మధ్య ఒక రెండో శనివారం నాడు అలాంటి కేంద్రానికి వెళ్లారు. కేంద్రం పేరు ఈ లేఖకు అనవసరం. జహీరాబాద్ చేరి, 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, వంద కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. పులిహోర పొట్లాలు, వాంతుల కోసం ప్లాస్టిక్ కవర్లు, తెల్లారకముందే బయలుదేరిన బస్సు. తలుపు మీద అంటించిన కాగితంలో ఇలా ఉంది: "రెండో శనివారం, ఆదివారం మరియు ప్రభుత్వ సెలవు దినములలో ప్రదర్శనశాల మూసివేయబడును." గాజు తలుపుకు ముక్కు ఆనించి, రెండు చేతులు కళ్లకు అడ్డం పెట్టుకుని చూస్తే, లోపలి మసక వెలుతురులో చర్మం ఎక్కించిన చిరుత వెనకభాగం కనిపించింది. ముఖం అవతలి గోడ వైపుంది. చిరుతకు తోక ఉంటుందని పిల్లలు రూఢి చేసుకున్నారు. వాచ్‌మన్‌కు, పిల్లల్ని తీసుకెళ్లిన సారుకు జరిగిన మాటలు కూడా రికార్డు కోసం రాయవలసి ఉంది.

"తాళంచెవి నా తాన లేదు సార్. మా సారు సోమారం వస్తరు."

"సోమారం మా పిల్లలకు బడుంటది గద పెద్దయ్యా?"

"అందుకే సార్, సోమారం ఎవరూ రారు. శాంతంగ ఉంటది."

అధికారి గారు పెద్దవారు, తీరిక లేనివారు, కాబట్టి లెక్క ఇక్కడే విప్పి చెప్పడం మంచిది. రెండో శనివారం బడులకు సెలవు. ఆ రోజు పిల్లలను తీసుకెళితే పాఠాలు పోవు, హాజరు పట్టీ చెడదు, మధ్యాహ్న భోజనం లెక్క తప్పదు, ఎవరికీ సంజాయిషీ రాయనక్కర్లేదు. ఆదివారమైతే అమ్మానాన్నలు కూడా వస్తారు. అంటే పిల్లలు రాగలిగిన రోజులేవో ఏరి, సరిగ్గా ఆ రోజులకే తాళం వేశారు. నెహ్రూ జూపార్కుకు సోమవారం సెలవు. సాలార్‌జంగ్ మ్యూజియంకు శుక్రవారం సెలవు. జనం వచ్చే రోజు తెరిచి, రాని రోజు మూయడం అనే రహస్యం ఆ రెండు సంస్థలకు ఎప్పుడో తెలిసింది. ఆకలి, నిద్ర, రోగం రొష్టు ఉన్న బతికిన పులే ఆదివారం జనానికి ముఖం చూపిస్తుంటే, ఎన్నడో చచ్చిన చిరుతకు వారాంతపు విశ్రాంతి దేనికి? అది ఏం చేసి అలసిపోయింది? పిల్లల కేంద్రాన్ని పిల్లలు బడిలో ఉన్న గంటల్లోనే తెరిచి ఉంచాలని తోచిన బుర్ర ఎవరిదో, ఆ బుర్రను కూడా ఫార్మలిన్ సీసాలో పెట్టి ప్రదర్శించవలసిందే.

ఈ మాట ఉపసంహరించుకోవడమైనది. విషయానికి వస్తే, ఇలాంటి కేంద్రాల చరిత్ర చిన్నదే. న్యూయార్క్ రాష్ట్రంలోని బేర్ మౌంటెన్‌లో 1927లో కాలిబాట పక్కన ఒక చిన్న ప్రదర్శనశాల తెరిచారు. చెట్లకు పేరు పలకలు కట్టి, నడుస్తూ చదువుకునే దారి వేశారు. తర్వాత వచ్చినవాటికి అది నమూనా అయింది. ఫ్రీమన్ టిల్డెన్ 1957లో ఈ పనికి సూత్రాలు రాశాడు. పెద్దలకు చెప్పేదాన్ని పలచన చేసి పిల్లలకు పోయకూడదు, పిల్లలకు చెప్పే పద్ధతే వేరుగా ఉండాలి అన్నది వాటిలో ఒకటి. మన దేశంలో 1984లో అహ్మదాబాద్‌లో పర్యావరణ విద్యా కేంద్రం మొదలైంది. ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1991లో పర్యావరణాన్ని తప్పనిసరి పాఠ్యాంశం చేయమంది, సినిమా హాళ్లలో స్లైడులు ఉచితంగా వేయమంది. స్లైడులు పోయాయి, పాఠ్యాంశం మిగిలింది. పరిసరాల విజ్ఞానం పుస్తకం పిల్లలను బయటికి వెళ్లి చూడమంటుంది, చూసింది రాయమంటుంది. కింద నాలుగు గీతలు కూడా గీసి ఉంటాయి. ఆ గీతల మీద "తాళం" అని రాస్తే ఎన్ని మార్కులు వేయాలో ఉపాధ్యాయులకు ఎవరూ చెప్పలేదు.

ప్రదర్శనల సంగతి. చర్మం ఎక్కించిన జంతువులు ఏ కేంద్రంలోనైనా మొదట కంటపడతాయి. లోపలి ఆకారం విడిగా తయారుచేసి, శుభ్రం చేసిన తోలును దానికి తొడుగుతారు; కళ్లు గాజువి. ఈ పనిలో పేరుపడ్డ మైసూరు వాన్ ఇంగెన్ సంస్థ 1999లో మూతపడింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేటాడి కూరడం నేరం కనుక ఉన్న బొమ్మలు చాలావరకు ముసలివే. చెవులు చిట్లుతాయి, పురుగు పడుతుంది, మీసాలు రాలుతాయి. అది క్షమించదగ్గదే. సీసాల్లోని పాముల పరిస్థితి అలా కాదు. ద్రావణంలో ఏళ్ల తరబడి నానితే రంగు పోతుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, జెర్రిపోతు అన్నీ పాలిపోయి, చుట్టలు చుట్టుకుని, ఒకే తీరున కనిపిస్తాయి. ఝరాసంగం పిల్లలు కందిచేలల్లో, చెరకు తోటల్లో తిరిగేవాళ్లు. వాళ్లకు ఏది విషసర్పమో, ఏది ఎలుకల్ని తిని రైతుకు మేలు చేసేదో తెలియడం పరీక్షల కోసం కాదు. సీసా పక్కన రంగు ఫోటో ఒకటి, తెలుగులో రెండు ముక్కలు పెడితే ప్రాణాలు దక్కుతాయి. పలకలు ఇప్పటికీ ఇంగ్లీషులోనే ఎందుకున్నాయో అడగడం మరో లేఖకు వదిలేయడమైనది. మరుగుదొడ్ల గురించి రాయడం మర్యాద కాదు.

సంగారెడ్డి జిల్లాకు ఈ విషయంలో దొరికిన అదృష్టం మంజీర. మహారాష్ట్రలో బీడ్ జిల్లా వైపు బాలాఘాట్ కొండల్లో పుట్టి, బీదర్ మీదుగా వచ్చి, నిజామాబాద్ జిల్లా కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. సంగారెడ్డి దగ్గర ఈ నది మీద 1978లో వన్యప్రాణి అభయారణ్యం ఏర్పడింది. విస్తీర్ణం సుమారు 20 చదరపు కిలోమీటర్లు. జంటనగరాలు తాగే నీళ్లలోనే మగ్గర్ మొసళ్లు బతుకుతాయి. నది నడుమ గడ్డల మీద కొంగలు, నీటికాకులు గూళ్లు కడతాయి. మొసలి ఒడ్డున గొయ్యి తీసి గుడ్లు పెడుతుంది. లోపలి పిల్ల మగదో ఆడదో గూటి వేడిని బట్టి తేలుతుంది. ఇది విన్న ఐదో తరగతి పిల్ల ఎవరైనా వెంటనే అడుగుతుంది: ఎండలు ముదిరితే అన్నీ ఒకటే అయిపోతాయా సార్? శాస్త్రవేత్తలు తల పట్టుకుంటున్నదీ ఆ ప్రశ్న దగ్గరే. ఆ ప్రశ్న పుట్టడానికి ఒడ్డున అరగంట నిలబడితే చాలు, కానీ ఆ అరగంట ఏ రోజున దొరకాలి అన్నదే ఈ లేఖ.

పిల్లల కార్యక్రమాలకు ఒక పంచాంగం ఉంది. ప్రపంచ పర్యావరణ దినం జూన్ 5. తెలంగాణలో బడులు తెరిచేది 12న. వన్యప్రాణి వారోత్సవాలు అక్టోబరు 2 నుంచి 8 వరకు. కొన్నేళ్లు అవి సరిగ్గా బతుకమ్మ, దసరా సెలవుల్లో పడతాయి. అంటే బడి ఉన్నన్నాళ్లు కేంద్రం తెరిచి ఉంటుంది, బడి మూసినప్పుడు ఉత్సవం జరుగుతుంది. కేంద్రానికి దగ్గర్లో ఇల్లున్న పట్నం పిల్లలు చిత్రలేఖనం పోటీలో పులిని గీసి ప్రశంసాపత్రాలు తీసుకుంటారు. పల్లె పిల్లలకు పోటీ జరిగినట్టు పేపర్లో తెలుస్తుంది. నిజానికి పోటీకంటే ఎన్నో రెట్లు విలువైనవి పొద్దున్నే పిట్టల్ని లెక్కపెట్టే నడక, రాలిన ఈకను పోల్చుకోవడం, పాములు పట్టేవారితో ముఖాముఖి. వీటికి ఖర్చు తక్కువ. కావలసింది పొద్దున ఆరింటికి తాళం తీసే మనిషి. పదిన్నరకు తెరిస్తే పిట్టలు చెట్ల గుబుర్లలోకి, పిల్లలు ఐస్‌క్రీం బండి దగ్గరికి వెళ్లిపోతారు.

పిల్లలను అంత దూరం పంపడం దేనికి, మండలంలోనే చూపించరాదా అని అధికారి గారు సెలవీయవచ్చు. నిజమే, ఝరాసంగంలో చూపించవలసినవి ఉన్నాయి. జహీరాబాద్, నారాయణఖేడ్ వైపు చేలల్లో కృష్ణజింకలు గుంపులుగా తిరుగుతాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు రాష్ట్ర జంతువుగా ఉన్నది ఇదే. మగది ఎదిగేకొద్దీ నల్లబడుతుంది, కొమ్ములు మెలి తిరుగుతాయి. వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు, రైతు లెక్కలో పంట మేసిపోయే దొంగ. ఈ రెండు లెక్కలూ ఒక ఇంట్లోనే పెరుగుతున్న పిల్లకు ఎలా సర్ది చెప్పాలో ఏ గాజు పెట్టెలోనూ లేదు.

ఝరాసంగంలోని కేతకీ సంగమేశ్వర స్వామి గుడి సంగతీ అంతే. మామూలుగా శివపూజకు పనికిరాని కేతకి, అంటే మొగలిపువ్వు, ఇక్కడి స్వామికి చెల్లుతుంది. మొగలిలో మగ చెట్టు, ఆడ చెట్టు వేరు. వాసన కోసం జనం కోసుకునేది మగ చెట్టు పువ్వు. గుడి గుండానికి ఎనిమిది తీర్థాలని చెబుతారు. భూగోళం చెప్పేది వేరే కథ, కానీ అదీ తక్కువది కాదు. బీదర్, జహీరాబాద్ పీఠభూమి మీద పరుచుకున్న లేటరైట్ రాయి తేనెపట్టులా బొరియలమయం. వాన నీళ్లు అందులో ఇంకి, అంచుల దగ్గర ఊటలై పైకి వస్తాయి. పక్కనే బీదర్‌లో బహమనీల కాలపు కరేజ్ సొరంగాలు ఈ నీటి కోసమే తవ్వారు. గుడి మెట్ల మీద కూచోబెట్టి ఈ ముక్క చెబితే పిల్లలకు పుణ్యమూ దక్కుతుంది, పాఠమూ దక్కుతుంది.

ఇదే మండలంలోని మాచ్‌నూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పచ్చసాలె అనే బడి నడిపింది. పిల్లలు అక్షరాలతో పాటు మన్ను, విత్తనం, చేతిపని నేర్చుకున్నారు. ఆ ఊరి నుంచే 2008లో సంఘం రేడియో మొదలైంది. ఏటా సంక్రాంతికి బయలుదేరే పాత పంటల జాతరలో ఎడ్లబండ్ల మీద కొర్రలు, సామలు, జొన్నలు, పప్పుల విత్తనాలు ఊరూరా తిరుగుతాయి. కదిలే ప్రకృతి విద్యా కేంద్రం అంటే అదే. దానికి రెండో శనివారం సెలవు లేదు. బడికి పోని ఆడవాళ్లు తీర్చిన బండ్లవి. గింజ పేరు, అదునెప్పుడు, ఏ నేలకు ఏది అన్నీ నోటికొచ్చినవాళ్లు. 2019లో ఈ సంస్థకు ఈక్వేటర్ బహుమతి వచ్చింది.

అయితే వీటిని బడి పాఠానికి కలిపే గది ఒకటి మండలంలో లేదు. స్థలం కొరత అనడానికి వీల్లేదు. ఝరాసంగం, న్యాల్‌కల్ మండలాల్లో పారిశ్రామిక మండలి కోసం అనుకున్నది 12,000 ఎకరాలకు పైగా. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 12 పారిశ్రామిక నగరాల్లో జహీరాబాద్ ఒకటి. అందులో రెండు ఎకరాలు, రేకుల షెడ్డయినా సరే, కృష్ణజింక అడుగుజాడల అచ్చులు, రాయి ముక్కలు, విత్తనాల డబ్బాలు, రంగు పోని పాముల ఫోటోలు పెట్టుకోవడానికి ఇప్పిస్తే ఎవరి ఫ్యాక్టరీ పొగగొట్టమూ పొట్టిదైపోదు. జింకలు తిరిగిన చోట జింక బొమ్మయినా ఉంటుంది.

అదంతా దూరపు మాట అంటే సరే. ఇప్పటికి అడిగేది చిన్నది, అడిగే తీరు కూడా మారింది. శనివారం, ఆదివారం తెరవండి, సోమవారం మూసుకోండి. సిబ్బందికి సెలవు పోకూడదు, వాళ్లకూ పిల్లలున్నారు. వేరే రోజు ఇవ్వండి. అన్ని శనివారాలూ కుదరకపోతే రెండోది ఒక్కటి చాలు. అదీ కుదరకపోతే, ముందుగా ఉత్తరం రాసిన బడికి తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉంచండి. ఆయన మంచివాడు, పిల్లలకు మంచినీళ్లు కుండలోంచి తానే ముంచి పోశాడు.

వచ్చే నెల రెండో శనివారానికి బస్సు మళ్లీ మాట్లాడారు. డ్రైవరు అడ్వాన్సు అడుగుతున్నాడు. ఇస్తే తిరిగి రాదు, ఇవ్వకపోతే బస్సు పెళ్లిళ్లకు వెళ్లిపోతుంది. పిల్లలు తలా కొంత ఇప్పటికే తెచ్చిచ్చారు, ఇద్దరు ముగ్గురివి ఇంకా రావాలి. అవునో కాదో ఈ నెలాఖరులోగా ఒక్క ముక్క రాయించగలరని వేడుకోలు.

ఇట్లు,
ఝరాసంగం మండలంలోని ఒక బడి పిల్లల తల్లిదండ్రుల తరఫున